మీగడ రంగు కారుకు కొసరు పాలిష్

డెబ్బైల మొదట్లో మా ఉప్పల్ బజారులో సొంత కారున్న దుకాణదారును నేనొక్కణ్నే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ కారు వారానికి మూడు రోజులు దుకాణం ముందు నిలబడి ఉండేది, మిగతా రోజులు నలుగురు తోస్తే కదిలేది. మేకులు, గొళ్ళాలు, తలుపు బందులు అమ్ముకునేవాడికి కారెందుకని నా భార్య అడిగింది. బేరం కుదిరింది కాబట్టి కొన్నానన్నాను. అవసరమై కొన్న వస్తువులు మా ఇంట్లో తక్కువ, బేరం కుదిరి కొన్నవే ఎక్కువ.

దాని రంగు మీద మాత్రం బజారులో ఏకాభిప్రాయం కుదరలేదు. అమ్మినవాడు మీగడ రంగన్నాడు. నేనూ అదే అనేవాణ్ని. ఎదురు బట్టల దుకాణం బావ, వరసకు బావే గాని వృత్తికి నా మీద వ్యాఖ్యాత, దాన్ని పాత పంచె రంగు అనేవాడు. బట్టల మనిషి కదా, అతని మాటకు విలువెక్కువ. పైగా ఆ కారును చేత్తో నిమిరితే ముగ్గు పట్టుకున్నట్టు అరచేతికి తెల్లటి పిండి అంటేది. ఏళ్ల తరబడి ఎండకు నిలబడి రంగు పైపొర పొడిబారిపోయింది. ఆ పిండిని చూపించే నేను కారు ధర విరగ్గొట్టాను. కొన్నాక అదే పిండి నా చొక్కాకు అంటుతుంటే ఎవరికి చెప్పుకోను?

బేరం నాకు చదువుతో వచ్చింది కాదు. తాతది కిరాణా, నాన్నది కిరాణా, మేనమామలిద్దరిదీ బట్టల వ్యాపారం. మా నాన్న సిద్ధాంతం ప్రకారం ధర తగ్గించుకోవడం బేరమే కాదు, అది బేరానికి వాకిలి. తూకం అయ్యాక, పొట్లం కట్టించాక, ఒక కాలు గడప అవతల పెట్టాక, వెనక్కి తిరిగి చెయ్యి చాపి తీసుకునేదే అసలు బేరం. అదే కొసరు. కాకరకాయల మీద రెండు పచ్చిమిరపకాయలు, శనగపప్పు మీద ఒక గుప్పెడు. కొసరు వేయని అంగడికి మా అమ్మ మళ్ళీ వెళ్ళేది కాదు. కొసరు అడగని గిరాకీని మా నాన్న అనుమానంగా చూసేవాడు, ఇచ్చిన నోటు మంచిదేనా అని వెలుతురుకు పట్టి చూసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఈ లోకంలో ప్రతిదానికీ కొసరు ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికే ఇదంతా.

ఒక రోజు గరుకు కాగితం కోసం ఒక మనిషి దుకాణానికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చిల్కానగర్‌లో చిన్న గదిలో భార్యా బిడ్డతో ఉంటున్నాడు. సొంత ఊరు జనగామ దిక్కు. నాచారంలో స్టీలు గిన్నెలు చేసే ఒక చిన్న కార్ఖానాలో పాలిష్ పని చేసేవాడట. ఆ కార్ఖానా మూతబడ్డ రోజు సామాన్లు వేలం వేస్తే, అందరూ బల్లలు, కుర్చీలు కొనుక్కుంటుంటే ఇతను చేత్తో పట్టుకుని తిప్పే పాలిష్ మిషను కొనుక్కున్నాడు. దాని మూతికి గొర్రె ఉన్ని తొడుగు కట్టి, ఇప్పుడు కార్లకు పాలిష్ పెడతానంటున్నాడు. ఆ రోజుల్లో కారు పాలిష్ అంటే డ్రైవర్ పాత బనీను ముక్కతో మోచేయి నొప్పి పుట్టేదాకా రుద్దడమే. మిషనుతో అంటే ఎవరూ బండి ఇవ్వడం లేదు. తిరిగే చక్రాన్ని ఎవరైనా కారు దగ్గరికి రానిస్తారా?

నెల రోజులు చూస్తానని, ఈ లోపల ఒక్క పనైనా నిలబడకపోతే మిషను అమ్మి ఊరికి పోయి మళ్ళీ కూలికి దిగడమేనని అతనే చెప్పాడు. చెప్పకూడని మాట. బేరం ఆడేవాడి ముందు గడువు చెప్పినవాడు సగం ఓడినట్టే. నేను గరుకు కాగితం చుట్టి ఇస్తూ, నా కారు వైపు చూశాను.

ధర అడిగాను. చెప్పాడు. అందులో సగం అన్నాను. అతను మిషను కరెంటు, రంగు మీద పూసి రుద్దే కాంపౌండు ముద్ద, మైనం అని లెక్క చెప్పబోయాడు. నేను వినలేదు. మా దుకాణం వెనక సందులో నాచారం ఫ్యాక్టరీ ఆఫీసరు ఒకాయన అద్దెకు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, ఆ ఫ్యాక్టరీ బండ్లన్నీ ఆయన చేతి కిందవే, అన్నీ తెల్లవో, మీగడవో. ఆ సంగతి చెప్పి, నా తురుపు వేశాను.

"నా బండి మెరిసిందనుకో, ఆదివారం సార్‌ను పిలిచి సూపిస్త. ఫ్యాక్టరీ బండ్లన్ని నీకే. గిప్పుడు సెప్పు, సగం ఎక్కువనా తక్కువనా?"

అతను కాసేపు నేల చూసి, "మీ మాట మీదనే సేటు" అన్నాడు.

పది బండ్లు తెప్పిస్తానని చెప్పి ఒక బండి పని సగానికి చేయించుకోవడం మా వంశంలో కొత్త కాదు. కొత్తేమిటంటే, ఈసారి నేను చెప్పిన ఆఫీసరు నిజంగా ఉన్నాడు. నిజంగానే వస్తానన్నాడు కూడా.

శనివారం పొద్దున్నే అతను వచ్చాడు. దుకాణంలో బల్బు తీసి, ఆ హోల్డరులోంచి వైరు లాగి మిషనుకు తగిలించాడు. కారును రెండుసార్లు కడిగాడు. అంచుల మీద, బానెట్ నడుమ వెన్నెముకలా లేచి ఉండే గీత మీద, పాత వార్తాపత్రిక ముక్కలు అంటించాడు. ఎందుకని అడిగితే, ఎత్తుగా ఉన్న చోట రంగు పల్చగా ఉంటుందని, చక్రం అక్కడ తొందరగా తింటుందని చెప్పాడు. నేను తలూపాను. అర్థమయ్యి కాదు, కాగితానికి డబ్బులడగలేదు కాబట్టి.

మిషను మోత మొదలవగానే బజారు పని మానేసింది. బట్టల దుకాణం బావ గిరాకీని చీరల ముందు కూర్చోబెట్టి బయటికి వచ్చాడు. లాలాపేట్ వెళ్ళే బస్సు కూడా జర నెమ్మదించింది. అతను మాత్రం ఎవరినీ చూడలేదు. కాంపౌండు పూయడం, జానెడు జానెడు మేర మిషను నెమ్మదిగా నడపడం, ఆపడం, గుడ్డతో తుడవడం, అరచేత్తో నిమరడం. బిడ్డకు జ్వరం చూసినట్టు నిమిరేవాడు. వేడెక్కితే నీళ్లు చిలకరించి ఊరుకునేవాడు.

గంట తర్వాత సగం బానెట్ అయ్యింది. నేను ఈ పక్క నుంచి చూశాను, ఆ పక్క నుంచి చూశాను. ఏమీ తేడా కనిపించలేదు. నల్ల బండయితే అద్దంలా మీసం కనిపించేదట. మీగడ రంగు మీద మెరుపు కంటికి ఆనదు, ఎండ దాన్ని మింగేస్తుంది. అతను అదే చెప్పాడు, కంటితో కాదు, చెయ్యి పెట్టి చూడమన్నాడు. పెట్టాను. ఒక పక్క పిండి, ఇంకో పక్క పింగాణీ పళ్ళెం. అది నిజమే. కాని మా ఇళ్లలో చేతికి తెలిసేదానికి విలువ లేదు. ఎదుటివాడి కంటికి కనిపించేదే సరుకు. ఎదుటివాడు, అంటే మా బావ, అప్పటికే రోడ్డు దాటి వచ్చి కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"బావా, గిది పాలిష్ జేసినంకనా, జెయ్యకముందా?" అన్నాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను గాని ఆ మాట లోపల గుచ్చుకుంది.

మధ్యాహ్నం దాటేసరికి పని అయిపోయింది. మైనం పెట్టి తుడిచాడు. కాగితాలు ఊడదీశాడు. వైరు చుట్టేశాడు. పొట్లం కట్టడం అయ్యింది, నా ఒక కాలు గడప అవతల ఉంది అన్నమాట. నా నోరు దానంతటదే తెరుచుకుంది. బానెట్ మీద ఇంకో చుట్టు కొట్టమన్నాను, మంచిగా, నడుమ గీత మీద కూడా కలిపి.

అతను అక్కర్లేదన్నాడు. నేను వదల్లేదు. అప్పుడతను ఉన్ని తొడుగు తీసి నా ముందు తిప్పి చూపించాడు. మొదట మట్టితో నల్లగా వచ్చిందట, ఇప్పుడు చూడమన్నాడు. తొడుగు నిండా లేత మీగడ రంగు మరకలు. అది మురికి కాదు, మీ బండి రంగే, ఇంతకంటే తీస్తే మిగలదు, అని చెప్పాడు.

ఇక్కడ నా తెలివి గురించి రెండు మాటలు. మా ఉప్పల్ దుమ్ము ఏ రంగులో ఉంటుందో అక్కడ బతికినవాళ్లకు తెలుసు. సరిగ్గా ఆ రంగులోనే ఉంటుంది. నా కారు నలుపో ఎరుపో అయ్యుంటే ఆ తొడుగు చూసి గుడ్డివాడు కూడా రంగు ఊడుతోందని చెప్పేవాడు. నాకు మాత్రం దుమ్ము కనిపించింది. ఇంకా ఇంత దుమ్ము వస్తుంటే పని అయిపోయిందంటాడేమిటి, నన్ను మోసం చేస్తున్నాడు అనుకున్నాను. నలభై ఏళ్లుగా ఇతరులను అలాగే నమ్మించిన వంశం కదా, ఎవరైనా నిజం చెబితే గుర్తుపట్టే అలవాటు పోయింది.

"సూడు, ఇంక మస్తు మురికి ఎల్లుతున్నది. జర కొసరు కొట్టనీకి గింత ఆలోచననా?" అన్నాను. అతను కదలకపోయేసరికి, బావ వినేటట్టు ఇంకో మాట వేశాను. "రేపు సార్‌కు సూపియ్యాల్నా వద్దా?"

అతను నా వైపు చూశాడు. కోపం లేదు. ఏదో లెక్క వేసుకున్నట్టు ఉంది. చుట్టిన వైరు మళ్ళీ విప్పాడు.

ఆ రోజు శనివారమని నేను మరిచాను. వారమంతా నాచారం ఫ్యాక్టరీలు కరెంటును పీల్చుకుంటే మా బల్బులు గుమ్మడిపూల మాదిరి పసుప్పచ్చగా వెలిగేవి. శనివారం మధ్యాహ్నం అక్కడ మిషన్లు ఆగాయంటే మా ఇళ్లలోకి కరెంటు ఒక్కసారిగా పొంగేది. పొద్దుటి నుంచి నీరసంగా తిరిగిన చక్రం ఇప్పుడు పిచ్చికుక్కలా తిరిగింది. అతను వెంటనే చెయ్యి లేపాడు. ఎంతసేపు? నేను తుమ్మితే అయిపోయేంత. బానెట్ నడుమ గీత మీద అరచేయంత మేర మీగడ రంగు లేదు. రంగు కింద వేసే ఎర్రటి తొలి పూత బయటపడింది. పెరుగన్నం మీద ఆవకాయ ముద్ద పెట్టినట్టుంది.

మిషను ఆగింది. బజారు కూడా ఆగింది. పొద్దుటి నుంచి కంటికి ఏమీ కనిపించడం లేదన్నవాళ్లందరికీ ఇప్పుడు బాగా కనిపించింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన కారు గురించి కాదు, అతని గురించి అసలే కాదు. దీన్ని చూపించి ఒప్పుకున్న ధరలో ఇంకా ఎంత తగ్గించవచ్చు అని. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను, లేకపోతే మీరు నన్ను మంచివాణ్ననుకునే ప్రమాదం ఉంది. నేను గొంతు పెంచి, పని రానివాడివి మిషనెందుకు పట్టుకున్నావని అతన్ని నలుగురిలో అడిగాను. అతను వాదించలేదు. మీరే కొట్టమన్నారు కదా అనలేదు. వైరు చుట్టుకుంటూ ఒక్కటే అడిగాడు.

"సేటు, సార్‌ను రేపు రావొద్దని సెప్పరాదు? ఇంకో బండి దొరికితే మంచిగ జేసి సూపిస్త."

నేను చూసుకుంటానన్నాను. చూసుకునేది ఏమిటో నాకే తెలియదు. ఆ సాయంత్రం నా భార్యే దారి చూపింది, వెటకారంగా. "గంత ఎర్రగ గనవడుతున్నది గద, పసుపు కుంకుమ పెట్టు, బండి పూజ జేసిన్రనుకుంటరు" అంది. నేను దాన్ని వెటకారంగా తీసుకోలేదు. ఆదివారం పొద్దున్నే మచ్చ చుట్టూ పసుపు పట్టించి, మచ్చ మీద కుంకుమ దట్టంగా అద్ది, రెండు బంతిపూలు కూడా పెట్టాను. దూరం నుంచి చూస్తే ఎంత భక్తిగా ఉందంటే, నాకే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆఫీసరు గారు తొమ్మిదింటికి వచ్చారు, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాతో. కాసేపటికి అతను కూడా వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా, చంకలో బైబిలు, పక్కన బిడ్డను ఎత్తుకున్న భార్య. నేను ఆఫీసరు గారికి రావొద్దని చెప్పి ఉంటానని నమ్మి, ఎందుకైనా మంచిదని చూసిపోదామని వచ్చాడట. ఆఫీసరును చూడగానే రోడ్డు అవతలే ఆగిపోయాడు. ఆ భార్య ముఖంలో ఆశ ఉంది. ఆమెకు అతను మచ్చ సంగతి చెప్పలేదని నాకు అర్థమైంది.

ఆఫీసరు గారు కారు చుట్టూ తిరిగారు. తలుపు మీద చెయ్యి వేశారు, వేసిన చెయ్యి తీయలేదు. "భలే నున్నగా ఉందండీ" అన్నారు. నేను గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆయన బానెట్ దగ్గరికి వచ్చి, పూజ చూసి, చెప్పులు విప్పారు. ఆయన ఉంగరం వేలితో కుంకుమ తీసి నుదుట పెట్టుకున్నారు. ఇంకోసారి తీసి కళ్లకద్దుకోబోయారు. రెండోసారి అదే చోట వేలికి ఏమీ అంటలేదు. గోటితో గీరారు. జేబురుమాలు తీసి తుడిచారు. పసుపు పోయింది, కుంకుమ పోయింది, ఎరుపు మాత్రం పోలేదు.

"ఇది కుంకుమ కాదే" అన్నారు నెమ్మదిగా. "ఎవరు చేశారండీ దీన్ని?"

నా నోట అబద్ధం సిద్ధంగానే ఉంది. పాత మచ్చ అనవచ్చు. ఎండకు పొక్కింది అనవచ్చు. అవి కుదరకపోతే చాలా తేలికైనది ఇంకోటుంది, అదిగో ఆ మనిషే చేశాడు అనడం. అదైతే అబద్ధం కూడా కాదు. నేను ఏది వాడాలా అని ఎంచుకుంటుండగానే అతను రోడ్డు దాటి వచ్చి నిలబడ్డాడు.

"నేనే సార్" అన్నాడు.

అంతే. ఇంకేమన్నా కలుపుతాడేమోనని ఆగాను. కలపలేదు. ఆఫీసరు గారు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుంటున్నారు, వెళ్ళిపోయే మనిషి మడిచినట్టు. రోడ్డు అవతల ఆమె బిడ్డను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. ఎదురుగా మా బావ మూసిన దుకాణం అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు. నేను ఇప్పుడు మాట్లాడితే ఆ వేప పుల్ల నోట్లోంచి తీసి మరీ వింటాడని తెలుసు. మోసపోయాడంటే బజారు జాలిపడుతుంది. బేరమాడి తన వస్తువే చెడగొట్టుకున్నాడంటే, మా నాన్న పటం కూడా గోడ వైపు తిరుగుతుంది.

"సార్, అది నేను చేయించింది" అన్నాను. "పనైపోయిందని అతను వైరు చుట్టిండు. రంగు పోతదని తొడుగు తీసి సూపించిండు. నేనే ఇనలే. కొసరు కొట్టుమన్న. కొట్టకపోతే మీకు సూపియ్యనన్న."

వేప పుల్ల బయటికి వచ్చింది. "పాలిష్ మీద కొసరా బావా?" అన్నాడు వాడు అక్కడి నుంచే. "రేపు మంగలి దగ్గర గిట్ల అడుగకు, చెవి తెగుతది."

అరుగుల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆఫీసరు గారు నవ్వలేదు. ఆయన అతని వైపు తిరిగి, పోతుందని తెలిసి ఎందుకు కొట్టావని అడిగారు.

"మీ పని పోతదని బయపడ్డ సార్" అన్నాడు అతను. "తప్పే."

"మరి రేపు మా డ్రైవర్లు ఇంకో చుట్టు కొట్టమంటే?"

అతను ఈసారి నేల చూడలేదు. "కొట్టను సార్. మీరడిగినా కొట్ట."

ఆఫీసరు గారు మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళారు. అరచెయ్యి ఆనించి, కిందికి, మీదికి నిమిరారు. సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మిషను తీసుకుని రమ్మన్నారు. ముందు ఒక బండి ఇస్తానని, అది చూశాక మిగతావని చెప్పారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు, నుదుట నా కుంకుమతోనే. నాకు ఒక్క నీతి మాట చెప్పలేదు. అందుకే ఆయన మంచి మనిషని ఇప్పటికీ అనుకుంటాను.

నేను అతనికి మొదట అతను చెప్పిన ధరే ఇచ్చాను. అందులో గొప్పేమీ లేదు, ఆ పూట బజారులో తగ్గించి ఇవ్వడానికి నాకు ముఖం లేదు. అతను తీసుకుని, మచ్చకు రంగు వేసే మనిషిని తెస్తానని, ఆ పైన తనే పాలిష్ పట్టి కలుపుతానని చెప్పాడు. ఈ వారమే వస్తానన్నాడు.

ఆ వారం రాలేదు. మొదటి బండి చూసి ఫ్యాక్టరీ వాళ్లు రెండోది ఇచ్చారు, రెండోది చూసి మూడోది. ఆ తర్వాత పక్క మందుల కంపెనీ డ్రైవర్లు పిలిచారట. మచ్చతోనే నేను లాలాపేట్ దాకా వెళ్ళొచ్చేవాణ్ని. ఎండలో ఆ ఎరుపు మైలు దూరం కనిపించేది. బావ దాన్ని సిగ్నల్ అని పిలవడం మొదలుపెట్టాడు. మూడు వారాలు ఓపిక పట్టి, ఒక పూట దుకాణం మూసి నాచారం వెళ్ళాను.

గేటు లోపల నీడకింద మూడు తెల్ల బండ్లు వరుసగా ఉన్నాయి. అతను మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని అంచుకు కాగితం అంటిస్తున్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ. మర్యాదలో తేడా లేదు, తీరికలో ఉంది.

"వరుసల బండ్లున్నయ్ సేటు. బేస్తవారం వస్త."

గురువారం దాకా ఎందుకు, మంగళవారం రారాదా అన్నాను. కుదరదన్నాడు. పోనీ బుధవారం అన్నాను. అతను వెనక్కి తిరిగి ఆ మూడు బండ్లను చూసుకుని, మళ్ళీ బేస్తవారమే అన్నాడు. గేటు కాపలావాడు వింటున్నాడు కాబట్టి ఇంకో మాట పెంచలేదు.

ఇంటికి వచ్చాక నా భార్య ఎప్పుడొస్తాడట అని అడిగింది. శుక్రవారమన్నాడు, నేనే బేస్తవారానికి దించిన అని చెప్పాను.